మరమరాల మేస్త్రి

ముషీరాబాద్ సందులో డప్పుల వెనక నడుస్తూ, మనిషి పోయినందుకు బాధపడవలసిన నేను, మరమరాలు ఎటు పోతున్నాయా అని చూస్తున్నాను.

పొద్దున వాన పడి వెలిసింది. పాడె ముందు ఒకాయన చేటలోంచి మరమరాలూ చిల్లరా కలిపి గుప్పిళ్లతో చల్లుతున్నాడు. చిల్లర పడ్డచోటే ఉంటోంది. మరమరాలు మాత్రం రోడ్డు మీది పలచటి నీళ్లలో తేలి, కాసేపు తటపటాయించి, పక్కనున్న మోరీ వైపు బయల్దేరుతున్నాయి. ఒక ఇంటి మెట్టు పక్కన మాత్రం గుప్పెడు గింజలు గుమిగూడి, అక్కడక్కడే తిరిగి, నాని, ఉబ్బి, ఆగిపోయాయి. పాడె మీదున్న మనిషికి వీలుంటే లేచి వేలు చూపించి "ఈ మూల సచ్చిపోయింది సార్" అనేవాడు. ఆయన అనలేదు కాబట్టి నాలో నేనే అనుకున్నాను. అనుకోవడం నాకు బాగా వచ్చు. అనడమే రాదు.

ఆయన ఈత కొలనులకు అంచులు కట్టే మేస్త్రి. గొయ్యి తవ్వేవాళ్లు వేరు, ఇనుప చువ్వలు అల్లేవాళ్లు వేరు, పలకలు అతికించేవాళ్లు వేరు. అందరూ వెళ్లాక, నీళ్లూ గోడా కలిసే ఆ జానెడు జాగా కోసం ఆయన వచ్చేవాడు. పాలమూరు వైపు మనిషి. బస్తీలో అందరూ నీళ్ల మేస్త్రి అనేవాళ్లు. నా ఫోన్లో "మేస్త్రి అంచు" అని ఉంది. ఇంకా అలాగే ఉంది.

ఆ అంచులు కాగితం మీద గీసేది నేను. చిక్కడపల్లిలో ఒక కిరాణా కొట్టు పైన, ఒకే గది ఆఫీసు. బోర్డు మీద స్విమ్మింగ్ పూల్ కన్సల్టెంట్ అని రాసి ఉంటుంది. గది కంటే బోర్డే పెద్దది. నాకు ఈత రాదు. మేస్త్రికీ రాదు. ఇద్దరం కలిసి హైదరాబాదులో కొన్ని వందల మంది ఈత నేర్చుకోవడానికి కారకులమయ్యాం. నీళ్లతో నా అనుబంధం ఏమిటని ఎవరైనా అడిగితే మా ఆవిడ "నములుతారు" అని ఒక్క ముక్కలో చెబుతుంది.

కొలను నింపడం ఎవరికైనా చేతనవుతుంది. నిండిన నీళ్లు ఎక్కడ పొర్లాలి, పొర్లినవి ఎటు పోవాలి అన్నదే కష్టం. ఒంటి జిడ్డు, తలనూనె, పౌడరు, ఉమ్మి, అన్నీ నీళ్ల పైపొరలోనే తేలుతుంటాయి. ఆ పొర అంచు దాటి వెనకనున్న కాలువలో పడితే, వడపోతకు వెళ్లి శుభ్రమై తిరిగొస్తుంది. చౌకలో కావాలంటే గోడకు రెండు మూడు కంతలు పెట్టి సరిపెడతారు. బాగా కావాలంటే చుట్టూరా అంచు, అంచు వెనక కాలువ, కాలువ మీద జాలీ. చెప్పడానికి ఇంతే. కానీ అంచు ఒక పక్క రెండు మిల్లీమీటర్లు తగ్గిందంటే నీళ్లన్నీ ఆ పక్కనుంచే పోతాయి. మిగతా పక్కల జిడ్డు జిడ్డుగానే ఉండిపోతుంది.

"నీళ్లకు మొకమాటం లేదు సార్" అనేవాడు మేస్త్రి. "యాడ తక్కువుంటే ఆడికే పోతయి."

నాకు మొహమాటం తప్ప ఇంకేమీ లేదు. అందుకే మా ఇద్దరికీ జత కుదిరింది.

సన్నటి గొట్టంలో నీళ్లు నింపి మట్టం చూసే పాత పద్ధతి ఆయనది. ఆ గొట్టాన్ని డాక్టరులా మెడలో వేసుకుని వచ్చేవాడు. నేను అప్పు చేసి కొన్న లేజరు పరికరాన్ని గౌరవంగా పక్కన కూర్చోబెట్టేవాడు. ఎర్రగీత బాగనే చెప్తది గని, నీళ్ల సంగతి నీళ్లనే అడగాలె అని ఆయన వాదన. మట్టం కుదిరాక చిటికెన వేలి గోరు అంచు మీద నిలబెట్టి, పొర్లే నీళ్ల మందం కొలిచేవాడు. నాలుగు వైపులా గోరంత మందం ఒకేలా పారాలి. ఆ వేలి గోరు ఒక్కటే కత్తిరించుకునేవాడు కాదు. దానికి మాత్రం సున్నం అంటనిచ్చేవాడు కాదు.

ఇంకొకటి ఉంది. అంచు రాయిని నున్నగా ఒంపు తిప్పి, పని పూర్తయ్యాక ఎండిన కొలనులోకి దిగి, కళ్లు మూసుకుని, లోపలినుంచి నాలుగు వేళ్లు దానికి తగిలించి వేలాడేవాడు. అరవై ఏళ్ల మనిషి, మోకాళ్లు మడిచి, గోడకు బల్లిలా. పట్టు దొరికితే దిగేవాడు. దొరక్కపోతే మళ్లీ చెక్కేవాడు. కొత్త కొత్త అంచుల బొమ్మలున్న పుస్తకాలు నా దగ్గర చాలా ఉండేవి. కాలువ కనపడకుండా సన్నటి చీలిక మాత్రమే ఉండే రకం, గులకరాళ్ల కింద దాచే రకం, అద్దం రకం. ఒక్కోటీ మురిపెంగా చూపించేవాణ్ణి. ఆయన ప్రతి బొమ్మ మీదా వేలు పెట్టి ఒకటే అడిగేవాడు.

"మునిగేటోడు చెయ్యి యాడ పెడ్తడు సార్?"

మేమిద్దరం ఒకరినొకరం నువ్వు అనే పిలుచుకునేవాళ్లం. ఆయన నాకంటే పదేళ్లు పెద్ద, కాబట్టి ఆయన అనడంలో న్యాయం ఉంది. నేను అనడంలో బోర్డు ఉంది.

నీళ్లు మొదటిసారి పొర్లే రోజు ఆయనకు పండగ. పొద్దున్నే మా కింది కొట్టులో కిలో మరమరాలు కొనేవాడు. ఆయన మాటలో ప్యాలాలు. "ఇయ్యాల ఏ కొలను మేస్త్రీ?" అని కొట్టాయన అడిగేవాడు. నాలుగు మూలలా నిలబడి మూలకో నాలుగు గుప్పిళ్లు చల్లి, బీడీ ముట్టించుకుని గొంతుక్కూర్చునేవాడు. బీడీ అయిపోయేలోగా ఆఖరి గింజ కూడా అంచు దాటి కాలువలో పడాలి. పడితే కొలను పాసు. నేనొకసారి ఆ పొట్లంలోంచి రెండు గింజలు నోట్లో వేసుకున్నాను. నా పదిహేనేళ్ల పరిచయంలో ఆయన నా మీద కేకలేసింది ఆ ఒక్కసారే. లెక్క తప్పుతదట.

కొలను పాసయ్యాక యజమానులు మేస్త్రికి బట్టలు పెట్టేవాళ్లు. పళ్లెంలో తమలపాకులు, అంగీ గుడ్డో కుట్టిన అంగీయో, అంచు పంచె, మూలకు పసుపు బొట్టు. ఆ బట్టలు తప్ప ఆయన వేరే కొనుక్కోగా నేను చూడలేదు. ఏ అంగీ ఎక్కడిదో అడిగితే వరసగా చెప్పేవాడు. తెల్లది బర్కత్‌పుర. నీలి గళ్లది సైనికులెవరో ఉండే కాలనీది. బిస్కెట్ రంగుది మాత్రం వేసుకునేవాడు కాదు, ఆ కొలనులో ఒక గింజ ఆలస్యంగా పోయిందట.

నారాయణగూడ అంగీ లేదు. అదే నేను చెప్పబోయేది.

నారాయణగూడ లోపలి వీధిలో ఒక ఫంక్షన్ హాలు ఉంది. దాని వెనక ఖాళీ జాగాలో, వేసవిలో ఈత నేర్పడానికి ఒక కొలను కట్టించాలని యజమాని సంకల్పం. తండ్రి కోస్తా నుంచి వచ్చి ఈ ఊళ్లో స్థిరపడి, ఆ హాలు కట్టి, ఆ ఏడే పోయారు. తండ్రి పేరు మీద కొలను. యజమాని మెత్తటి మనిషి. డిప్లొమా చదివిన నన్ను ఇంజినీరు గారూ అని పిలిచే ముగ్గురిలో ఆయనొకరు. మిగతా ఇద్దరూ మా అత్తమామలు.

నేను చుట్టూ కాలువ గీసి పట్టుకెళ్లాను. వారం తర్వాత ఆయన చాలా ఇబ్బంది పడుతూ ఆ కాగితం తిరిగిచ్చారు. వాళ్ల సిద్ధాంతి గారు చూశారట. నీళ్లు ఈశాన్యానికే పోవాలి. నైరుతి బరువుగా, ఎత్తుగా ఉండాలి. నైరుతిలో కాలువ తవ్వడమంటే గొయ్యి తవ్వడమే. కాబట్టి ఉత్తరం, తూర్పు వైపులే పొర్లేలా చేసి, దక్షిణం, పడమరల్లో కాలువ లేకుండా ఎత్తుగా గోడ లేపెయ్యాలి. లోతు కూడా ఈశాన్యంలోనే.

అది కుదరదని నాకు తెలుసు. లోతు ఈశాన్యంలో ఉంటే, నేర్చుకునేవాళ్లందరూ గుమిగూడేది లోతు తక్కువున్న నైరుతిలోనే. జిడ్డంతా పుట్టేది అక్కడ. పోయే దారి లేనిదీ అక్కడే. ఇదంతా నోటిదాకా వచ్చింది. ఆయన ముఖం చూశాను. తండ్రి పోయిన ఏడాది కూడా నిండని ముఖం.

"చాలా హోటళ్లలో ఒక పక్కే పొర్లుతుందండీ" అన్నాను.

అబద్ధం కాదు. అక్కడ ఈదేది నలుగురు, ఇక్కడ పూటకు నాలుగు బ్యాచ్‌లు. నిజంలో సగం చెప్పి, మిగతా సగం హోటల్లో వదిలేశాను. రెండో కాగితం గీశాను. కాలువ లేని రెండు వైపులా నున్నటి నల్లరాయి, నీళ్లకు జానెడు ఎత్తున. అందంగా ఉంటుందని పుస్తకంలోంచి నేనే ఏరాను. సంతకం పెట్టాను.

మేస్త్రికి చదువు రాదు, కానీ నా బొమ్మల్ని తలకిందులుగా కూడా చదివేవాడు. ఆ కాగితాన్ని నాలుగుసార్లు తిప్పాడు.

"మిగిలిన రెండు దిక్కులు యాడ వోయినయ్ సార్?"

సిద్ధాంతి గారి సంగతి చెప్పాను.

"ఆయనకు ఈతొస్తదా?"

"మనకీ రాదు కదా మేస్త్రీ."

"అందుకే భయం సార్" అన్నాడు. "వచ్చినోనికేం భయం?"

తర్వాత గీసినట్టే కట్టాడు. ఆ నల్లరాయికి లోపలివైపు వేలెడు ఒంపు తీస్తానని ఒకసారి అడిగాడు. రాయి అందం పోతుందని నేనే వద్దన్నాను. ఎండిన కొలనులో నైరుతి మూలకు వెళ్లి, కళ్లు మూసుకుని చేతులెత్తి, వేళ్లు తగిలించబోయి జారి కిందపడ్డాడు. మోచెయ్యి గీసుకుపోయింది. పైనున్న నావైపు చూశాడు. నేను కొలతలు రాసుకుంటున్నాను. ఏ కొలతలో ఇప్పుడు గుర్తు లేదు, రాసుకోవడానికి అక్కడ ఏమీ లేదు కూడా.

నీళ్లు వదిలిన రోజు చుట్టాలంతా వచ్చారు. కుర్చీ మీద పళ్లెంలో మేస్త్రికి పెట్టవలసిన బట్టలున్నాయి. గోధుమ రంగు అంగీ, పసుపు బొట్టు. నీళ్లు ఈశాన్యం వైపు తెరలా పొర్లుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడే మేస్త్రి పొట్లం విప్పాడు. ఎవరూ చూడకముందే నాలుగు మూలలా చల్లేశాడు.

మూడు మూలల గింజలూ బయల్దేరాయి. నైరుతి మూలవి గుమిగూడి, అక్కడక్కడే తిరిగి, తెల్లటి చాప పరిచినట్టు నిలబడిపోయాయి. బీడీ అయిపోయింది. ఒక్క గింజ కదల్లేదు. నాని ఒక్కొక్కటే అడుక్కి దిగడం మొదలుపెట్టాయి.

యజమాని అప్పుడు చూశారు. తండ్రి పేరు పెట్టిన నీళ్ల మీద, తండ్రి పాడె ముందు చల్లినవే తేలుతున్నాయి. శుభమా అని నీళ్లు వదిలితే శవాల మీద చల్లేవి చల్లుతారా అన్నారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. వాచ్‌మన్‌ను పిలిచి, మేస్త్రిని బయటికి తీసుకెళ్లమని చేత్తో సైగ చేశారు. పళ్లెం కుర్చీ మీదే ఉండిపోయింది.

గేటు దగ్గర మేస్త్రి నాకోసం ఆగాడు.

"సార్, ఆ మూల సచ్చిపోయింది. నువ్వు చూసినవు."

"తర్వాత మాట్లాడదాం మేస్త్రీ" అన్నాను.

తర్వాత అనే రోజు వచ్చేసరికి రెండు వేసవులు గడిచాయి. ఆ మూల నీళ్లు మొదట తెల్లబారాయి, తర్వాత బియ్యం కడిగిన నీళ్లలా అయ్యాయి. క్లోరిన్ మందు ఎక్కువేయమని ఫోన్లో చెప్పాను. కళ్లు మండుతున్నాయని పిల్లల తల్లిదండ్రులు అంటే, తక్కువేయమని చెప్పాను.

రెండో వేసవిలో ఆ మూల మునిగి పోయినవాడికి ఇరవై ఏడేళ్లు. అశోక్ నగర్ హాస్టల్లో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్నాడు. లైబ్రరీలో రోజంతా కుర్చీలో కూర్చుని నడుం పట్టేస్తే, డాక్టరు ఈత మంచిదన్నాడట. చేరి తొమ్మిది రోజులు. కళ్లద్దాలు తీసి చెప్పుల్లో పెట్టి దిగాడు. కళ్లు తిరిగాయో, కాలు జారిందో ఎవరికీ తెలియదు. ఛాతీ లోతు నీళ్లు. నిలబడితే బతికేవాడు. పట్టుకుంటే నిలబడేవాడు. ఆ బ్యాచ్ పైకొచ్చి బట్టలు మార్చుకుని వెళ్లిపోయింది. అడుగు కనపడదు కాబట్టి ఎవరూ చూడలేదు. తర్వాతి బ్యాచ్‌లో ఒకాయన కాలికి మెత్తగా తగిలింది.

నేను వెళ్లేసరికి చెప్పులు అక్కడే ఉన్నాయి, అద్దాలు అందులోనే. నల్లరాయి మీద, నీళ్లకు పైన, తడి వేళ్ల గుర్తులు ఉన్నాయని వాచ్‌మన్ చెప్పాడు. నాకు కనపడలేదు. ఎండకు ఆరిపోయి ఉంటాయి, లేదా నేను సరిగ్గా చూసి ఉండను.

ఈత రాక పోయాడని కాగితాల్లో రాశారు. ఈత నేర్పే ఆయన్ని తీసేశారు. నీళ్లు ఎందుకు మురిగ్గా ఉన్నాయని ఎవరూ అడగలేదు. ఒక కానిస్టేబుల్ నా ఆఫీసుకొచ్చి బొమ్మ కాపీ అడిగాడు, ఇచ్చాను, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు, దాని సంగతి మళ్లీ వినలేదు. నేను గట్టున పడ్డాను. గట్టు నేను గీసిందే.

మూడో నెలలో శాంతి చేయించి కొలను మళ్లీ తెరిచారు. తెరిచిన రోజు సాయంత్రం నుంచి మేస్త్రి అక్కడికి వెళ్లడం మొదలుపెట్టాడు. ఎవరూ రమ్మనలేదు. నైరుతి మూలకు అడ్డంగా పసుపు రంగు నైలాన్ తాడు కట్టాడు. పొడుగాటి వెదురు గడ పక్కన పెట్టుకుని, గట్టు మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. పిల్లలెవరైనా తాడు దాటితే గడతో నీళ్ల మీద కొట్టేవాడు. మధ్యమధ్యలో పాత గుడ్డ నీళ్ల మీద పరిచి, జిడ్డు పీల్చి, బయట పిండేవాడు. కొలనంత జిడ్డు, జేబురుమాలంత గుడ్డ. పిల్లలు ఆయనకు ముసలి కప్ప అని పేరు పెట్టారు. యజమాని చూసీ చూడనట్టు ఉండేవారు.

ఆ మూల కోసి తెరవాలని, రాయికి పట్టు చెక్కాలని ఆయన యజమానిని అడిగాడు. అడిగి నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"ఇంజినీరు గారు కాయితమిస్తే సూద్దాం అన్నడు సార్. నువ్వు గీసియ్యి. నేనే కోస్త, కూలి అడగ. నీ సంతకం చాలు."

మా కోస్తావాళ్ల మర్యాదలు నాకు తెలుసు. చూద్దాం అంటే కాదని. ముఖం మీద కాదనలేక వాడే మాట, రోజుకు పదిసార్లు నేనూ వాడతాను. అలా అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. కొత్త బొమ్మ గీసి సంతకం పెట్టడమంటే, పాత బొమ్మ తప్పని రాసిచ్చినట్టే. నాలుగు మడతల కాపీ ఏ బీరువాలో ఉందో నాకు తెలియదు. ఒక మనిషి పోయిన చోట నా చేతిరాత రెండు రకాలుగా ఉండటం నాకు భయం.

గురువారం గురువారం వచ్చేవాడు. మెట్ల మీద దగ్గు వినపడేది, తర్వాత ఆయన వచ్చేవాడు. ఏళ్ల తరబడి పీల్చిన రాతిదుమ్ము. తలుపు దగ్గర నిలబడి "కాయితం అయిందా సార్?" అనేవాడు. ఒక గురువారం ప్రింటరు పాడైంది. ఒక గురువారం మా అబ్బాయి పరీక్షలు. ఒక గురువారం కరెంటు లేదు, ఫ్యాను మాత్రం మా ఇద్దరి తల మీదా తిరుగుతోంది. ఆయన ఫ్యాను వైపు చూశాడు, నావైపు చూశాడు, సరే సార్ అన్నాడు. టీ తెప్పించేవాణ్ణి. తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్లేవాడు.

ఒక్కసారే కుర్చీలో కూర్చున్నాడు. మెట్లెక్కి ఆయాసం వచ్చింది. బర్కత్‌పుర తెల్ల అంగీ వేసుకున్నాడు, భుజాల దగ్గర వదులైపోయింది. చాలాసేపు ఊపిరి తీసుకుని అన్నాడు.

"ఆ దినం గేటుకాడ్నే నిలవడాల్సింది సార్. ఎల్లగొడితె పోయిన. కట్టినోన్ని నేను, మూల సచ్చిపోయిందని సూసినోన్ని నేను. అంగీ పెట్టలేదని కోపమొచ్చి పోయిన. ఆ పిలగాడు నా కోపానికి పోయిండు."

అది ఆయన కోపం కాదు, నా మొహమాటం అని చెప్పాలి. అంత సులభమైన వాక్యం. ఆయన దగ్గు తగ్గేదాకా ఆగుదామనుకున్నాను. తగ్గలేదు.

"వచ్చే వారం ఇస్తాను మేస్త్రీ" అన్నాను.

వచ్చే వారం ఆయన రాలేదు. గురువారం సాయంత్రం దాకా మెట్ల వైపు చెవి పెట్టి కూర్చున్నాను. చప్పుడు కాలేదు. అప్పుడు నాకు కలిగింది దిగులు కాదు. హాయి. ఇంత రాసి ఇది దాచడంలో అర్థం లేదు కాబట్టి రాస్తున్నాను. ఆ హాయి వరసగా ఏడెనిమిది గురువారాలు అనుభవించాను. ఎలా ఉన్నావని ఫోను చేయలేదు. చేస్తే కాగితం సంగతి వస్తుంది.

తర్వాత ఒక పొద్దున "మేస్త్రి అంచు" అని ఫోను మోగింది. మాట్లాడింది ఆయన కాదు, పక్కింటాయన.

బస్తీలో ఆయన ఇల్లు ఒక గది. పాడె మీద, అన్ని గుడ్డల పైన, బర్కత్‌పుర అంగీ మడిచి పెట్టారు. మెడలో వేసుకునే నీళ్ల గొట్టం గోడకు మేకు మీద చుట్టి ఉంది. చుట్టలో ఎక్కడో ఒక గుక్కెడు నీళ్లు ఇంకా ఉన్నాయి, ఆ నీళ్ల రెండు కొసలూ ఒకే మట్టంలో. మేస్త్రి భార్యను నేనెప్పుడూ చూడలేదు. ఆమె తలెత్తి నన్ను చాలాసేపు చూసింది.

"కాయితం సారు మీరేనా?"

అవునన్నాను. తిడుతుందనుకున్నాను, సిద్ధపడ్డాను కూడా. ఆమె ముందుకు వంగి, గొంతు తగ్గించి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"అయిందా సార్? నిన్న గుడ అడిగిండు."

"అవుతోందమ్మా" అన్నాను.

శవం ముందు కూడా నేను నీళ్లే నమిలాను. తర్వాత డప్పులు మొదలయ్యాయి, మరమరాల సంగతి ముందే చెప్పాను.

శ్మశానం నుంచి ఇంటికి వెళ్లకుండా నేరుగా ఆఫీసుకు వచ్చాను. స్నానం చేయకుండా పైకి వెళుతున్నానని కింది కొట్టాయన విచిత్రంగా చూశాడు. తెల్ల కాగితం పరిచాను. నైరుతి మూల తెరిచి, దక్షిణం, పడమరల వెంట కాలువ తిప్పి తూర్పు కాలువలో కలిపాను. నల్లరాయి తీసేసి, అంచును గోరంత తేడా లేకుండా ఉత్తరం అంచుతో సమం చేశాను. నాలుగు వేళ్ల పట్టు, దాని ఒంపు విడిగా పెద్దది చేసి గీశాను. సంతకం పెట్టాను. గడియారం చూస్తే నలభై నిమిషాలు. అన్ని గురువారాలు పట్టిన పని.

మర్నాడు పొద్దున్నే నారాయణగూడ వెళ్లాను. యజమాని వరండాలో కూర్చోబెట్టారు. నేను వాదన సిద్ధం చేసుకుని వెళ్లాను. సిద్ధాంతి గారికేం చెప్పాలి, పోలీసులొస్తే ఏం చెప్పాలి, ఆయన కాదంటే ఏమనాలి, అన్నీ. ఆయన కాగితం విప్పి, నైరుతి మూల మీద వేలు పెట్టారు.

"ఇంతేనా ఇంజినీరు గారూ" అన్నారు. "ఇది ముందే ఇచ్చుంటే ఎప్పుడో చేయించేవాణ్ణి కదండీ. ఆ ముసలాయనతో చెప్పాను కూడా, మీ కాగితం వస్తే చూద్దామని. ఎంతకీ రాకపోయేసరికి, మీరే వద్దనుకుంటున్నారేమో అనుకున్నాను. తెలిసినవారు మీరు."

సిద్ధాంతి గారు ఏమంటారో అన్నాను.

"ఆయనే అన్నారండీ, శాంతి చేసిన రోజున. మనిషి పోయిన మూలకు ఇంకా వాస్తు ఏమిటి, తెరిపించెయ్యమని."

వెనక కొలనులో పొద్దుటి బ్యాచ్ పిల్లల కేకలు వినపడుతున్నాయి. పసుపు తాడు వదులై, మధ్యలో నీళ్లలోకి దిగిపోయి ఉంది.

యజమాని లోపలికి వెళ్లి ఒక పొట్లంతో వచ్చి నా ఒళ్లో పెట్టారు. గోధుమ రంగు అంగీ, అంచు పంచె. పసుపు బొట్టు ఎండి, రంగు మాత్రం అలాగే ఉంది.

"ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సింది. తిరిగి ఎలా ఇవ్వాలో తెలియక దాచి ఉంచాను. ఆయన ఈమధ్య రావడం లేదు, ఊరెళ్లారా? పని మాత్రం ఆయన చేతే చేయిద్దాం, మరొకరికి ఆ మట్టం కుదరదు. ఈసారి ఆయన మరమరాలు చల్లుకున్నా నేనేమీ అనను. ముందే బట్టలు పెట్టి మొదలుపెడదాం. ఎప్పుడు పంపిస్తారు?"

చెప్పవలసింది రెండే ముక్కలు. రెండూ నోట్లోనే ఉన్నాయి. ఆయన నా ముఖంలోకి ఎంతో మర్యాదగా చూస్తున్నారు.

"చూద్దామండీ" అన్నాను.